బెస్ట్ ఫ్రెండ్ పక్కన పెట్టేసింది, పాప తట్టుకోలేకపోతోంది. ఏం చెప్పాలి?

వానచినుకు

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. అసలు పేర్లు వద్దు కాబట్టి పాపని చిన్ని అంటాను, తన ఫ్రెండ్‌ని లల్లీ అంటాను. ఒకటో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇద్దరికీ కలిపి ఒక నోట్‌బుక్ ఉంది. అందులో ఒక పిల్లి కథ నడుస్తూ ఉంటుంది. ఒక పేజీ ఇది బొమ్మ వేస్తే తర్వాతి పేజీ లల్లీ వేస్తుంది. సెలవు రోజుల్లో వంతులవారీగా ఆ పుస్తకం ఒకరి ఇంటికి వెళ్తుంది.

ఈ ఏడాది క్లాసులోకి ఇంకో అమ్మాయి కొత్తగా వచ్చింది. లల్లీకి ఆ అమ్మాయి బాగా నచ్చింది. మొదట్లో ముగ్గురూ కలిసే ఆడుకునేవారు. ఇప్పుడు వాళ్లిద్దరూ ఒక సీక్రెట్ భాష పెట్టుకున్నారట. ప్రతి మాట మధ్యలో ఏదో అక్షరం ఇరికించి గబగబా మాట్లాడుకుంటారట. "నాకూ నేర్పండి అంటే, ఇది మా ఇద్దరిదే అన్నారమ్మా" అంది. పిల్లి పుస్తకం చిన్ని బ్యాగులోనే ఉండిపోయింది. లల్లీ అడగడం మానేసింది.

కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. బడికి వెళ్లనని పేచీ కూడా లేదు. కానీ రాత్రి పడుకునే ముందు "నేనేం చేశానమ్మా?" అని అడుగుతోంది. ఒక్కోసారి అలా అడిగి ఏడుస్తూనే నిద్రపోతోంది. దానికి ఏం చెప్పాలో తోచడం లేదు. లల్లీ వాళ్లమ్మ నాకు బాగా తెలుసు. ఆవిడతో మాట్లాడాలా? టీచర్‌కి చెప్పాలా? వదిలేస్తే అదే సర్దుకుంటుందా? పాపని చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

పద్మజ_వి

అయ్యో చెల్లీ, ఆ పిల్లి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి నాకూ గుండె కలుక్కుమంది. సలహా కాదు గానీ రెండు విషయాలు అడుగుతాను. సరిగ్గా తింటోందా, నిద్ర పడుతోందా? క్లాసులో ఇంకెవరితోనైనా మాటలున్నాయా, లేక లల్లీ ఒక్కతేనా? ఇది తెలిస్తే చెప్పేవాళ్లకి సులువు.

వానచినుకు

తిండీ నిద్రా బాగానే ఉన్నాయి అక్కా. మిగతా పిల్లలు పలకరిస్తే మాట్లాడుతుంది గానీ తనంతట తను వెళ్లదు. ఇన్నాళ్లూ లల్లీ ఉంది కాబట్టి ఇంకొకరి అవసరమే రాలేదు.

రఘు_నాన్న

నేను సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. "వాళ్లు నీతో ఆడకపోతే నువ్వూ ఆడకు, పట్టించుకోకు" అని నేర్పండి. ఇది ఎప్పుడో ఒకప్పుడు అందరికీ ఎదురయ్యేదే. ఇప్పుడే గట్టిపడితే మంచిది.

రెండోది, లల్లీ వాళ్లమ్మ మీకు తెలుసంటున్నారు కదా. ఒక ఫోన్ చేయండి. పెద్దవాళ్లు ఐదు నిమిషాల్లో తేల్చేసే విషయానికి పిల్ల రాత్రిళ్లు ఏడవాలా?

బడిగంట

రఘు గారూ, ఫోన్ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. నేను ప్రైమరీ టీచర్ని. ఇలాంటి ఫోన్ల తర్వాత క్లాసులో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తుంటాను. ఆ తల్లి ఇంట్లో కూతుర్ని నిలబెట్టి "చిన్నితో ఎందుకు ఆడట్లేదు? రేపటి నుంచి ఆడు" అంటుంది. మర్నాడు ఆ పిల్ల వస్తుంది, ఆడుతుంది. కానీ ఏదో ఒక ఇంటర్వెల్‌లో "నువ్వు మీ అమ్మకి చెప్పావు కదా" అనే మాట బయటికి వస్తుంది. అప్పటిదాకా కాస్త దూరంగా ఉన్న పిల్లకి అక్కడి నుంచి కోపం మొదలవుతుంది. ఇక తల్లుల సంగతి సరేసరి. ఎవరి పిల్ల వాళ్లకి ముద్దు. "మా అమ్మాయి అలాంటిది కాదండీ" అనే మాటతో పెద్దవాళ్ల మధ్య కూడా మాటలు ఆగిపోయిన సందర్భాలు చూశాను.

వానచినుకు గారూ, టీచర్‌కి తప్పకుండా చెప్పండి. అయితే "లల్లీ మా పాపని దూరం పెడుతోంది" అని మొదలుపెట్టకండి. అలా అనగానే టీచర్ లల్లీని పిలిచి మందలించాల్సి వస్తుంది, మళ్లీ కథ మొదటికొస్తుంది. "ఇంటర్వెల్‌లో చిన్ని ఎవరితో ఉంటోంది, ఎక్కడ కూర్చుంటోంది, కొద్ది రోజులు గమనించి చెప్తారా?" అని అడగండి. పిల్లలు ఇంట్లో చెప్పేది అబద్ధం కాదు, కానీ వాళ్లకి కనిపించినంతే చెప్తారు. "నాతో ఎవరూ ఆడట్లేదు" అన్న పిల్ల చుట్టూ ఇద్దరు ముగ్గురు తిరుగుతూనే ఉంటారు, తన కళ్లు మాత్రం ఆ ఒక్కరి మీదే ఉంటాయి. దీనికి పూర్తి విరుద్ధంగా, ఇంట్లో ఏమీ చెప్పని పిల్ల ఇంటర్వెల్ అంతా గోడకి ఆనుకుని నిలబడటమూ చూశాను.

ఇంకొక్క విషయం. ముగ్గురి స్నేహంలో ఇలాంటి చిక్కులు చాలావరకు మా చేతుల మీదుగానే వస్తాయి. "జంటలుగా నిలబడండి", "పక్కవాళ్లతో కలిసి చేయండి", "ఇద్దరికో పుస్తకం తీసుకోండి" అని రోజంతా మేమే అంటుంటాం. ముగ్గురున్న చోట ప్రతిసారీ ఒకరు మిగిలిపోతారు. ఎవరిని ఎంచుకోవాలన్న భారం ఎనిమిదేళ్ల పిల్ల మీద పడుతుంది. జంటలని పిల్లలకి వదిలేయకుండా తనే వేస్తే బాగుంటుందని టీచర్‌ని అడగండి. ఎవరి పేరూ ఎత్తకుండానే సగం సమస్య తగ్గుతుంది.

మనసుమాట

పిల్లల కౌన్సెలింగ్ నా వృత్తి. రఘు గారి మాటలో తండ్రి ప్రేమ నాకు అర్థమవుతోంది. కానీ "పట్టించుకోకు" అన్నది ఎందుకు పనిచేయదో కొంచెం వివరంగా రాస్తాను.

కిప్లింగ్ విలియమ్స్ అని ఒక సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఒకసారి ఆయన పార్కులో కూర్చుని ఉంటే, ఇద్దరు అపరిచితులు విసురుకుంటున్న ఫ్రిస్బీ వచ్చి ఆయన దగ్గర పడింది. తిరిగి విసిరారు. వాళ్లూ ఆయనకి విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడుకున్నారు. ఉన్నట్టుండి వాళ్లు ఆయనకి వేయడం మానేశారు. ఎవరో తెలియని మనుషులు, మళ్లీ ఎప్పుడూ కలవని మనుషులు, అయినా ఆయనకి మనసు చివుక్కుమంది. ఆ అనుభవం నుంచే ఆయన పరిశోధన పుట్టింది. 2000 నాటికి అది సైబర్‌బాల్ అనే కంప్యూటర్ ఆటగా మారింది. తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటారు, కొన్ని విసుర్ల తర్వాత మీకు బంతి రావడం ఆగిపోతుంది. అంతే ఆట. కొద్ది నిమిషాల్లోనే పెద్దవాళ్లు కూడా డల్ అయిపోయారు. అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరే అని ముందే చెప్పినా బాధ తప్పలేదని 2004లో ఇంకో ప్రయోగం చూపించింది. 2003లో ఇదే ఆట ఆడిస్తూ మెదడుని స్కాన్ చేసినప్పుడు, ఒంటికి నొప్పి కలిగినప్పుడు చురుగ్గా ఉండే భాగాల్లో కొన్ని ఇక్కడా చురుగ్గా కనిపించాయి. దాని అర్థం ఏమిటన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ ఉంది గానీ, ఆ బాధ ఉత్తుత్తిది కాదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

తెర మీది బంతికే పెద్దవాళ్లకి అంత అనిపిస్తే, పిల్లి పుస్తకం బ్యాగులో పెట్టుకుని తిరిగే చిన్నికి ఎంత అనిపించాలి? అలాంటప్పుడు "పట్టించుకోకు" అంటే పిల్లకి వినపడేది వేరు. నీ బాధ తప్పు, అది మాకు చూపించకు అని వినపడుతుంది. బాధ పోదు, చెప్పడం మాత్రం మానేస్తుంది.

లల్లీ వైపు నుంచి కూడా ఒక్క మాట. పిల్లలు స్నేహాన్ని ఎలా అర్థం చేసుకుంటారో రాబర్ట్ సెల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశలుగా వివరించారు. సుమారు ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య చాలామంది ఒక దశలో ఉంటారు. ఇచ్చిపుచ్చుకోవడం తెలుస్తుంది, వంతులు తెలుస్తాయి. కానీ ఇష్టాలు కలిసినంతసేపే స్నేహం సాఫీగా నడుస్తుంది, తేడా రాగానే ఆగిపోతుంది. దాన్ని పట్టి నిలబెట్టుకునే నేర్పు ఇంకా రాలేదు. కాబట్టి లల్లీ చిన్నిని కావాలని గాయపరుస్తోందని ఇప్పుడే నిర్ణయించుకోకండి. కొత్త ఆటలో మునిగిపోయి ఉండవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. "నేనేం చేశానమ్మా?" అన్నప్పుడు "నువ్వేం చేయలేదు బంగారం" అని వెంటనే అనేస్తాం. నిజానికి అలా అడిగే పిల్లల దగ్గర చాలాసార్లు వాళ్ల సొంత జవాబు ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి రానివ్వండి. "నీకేమనిపిస్తోంది?" అని మాత్రం అడిగి, ఆగండి. మాట రావడానికి టైమ్ పడుతుంది. ఆ మౌనంలో మీరు మాట్లాడకండి.

వానచినుకు

మేడమ్, మీరు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది. "లల్లీ గీసిన పిల్లికి తోక బాలేదన్నానమ్మా. చెరిపేసి నేనే మళ్లీ గీశాను. అందుకే."

ఇన్ని రోజులూ మనసులో ఇది పెట్టుకుని తిరిగిందా అనిపించింది. "సారీ చెప్తే మళ్లీ వస్తుందా?" అని కూడా అడిగింది. నేను దగ్గరికి తీసుకున్నాను గానీ ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలి?

మనసుమాట

చాలా విలువైన మాట బయటికి వచ్చింది. "ఛ, తోకకి ఎవరైనా అలుగుతారా" అని కొట్టిపారేయకండి. కొంత నిజం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లల్లీకి ఆ సంగతి గుర్తే లేకపోవచ్చు.

"తన బొమ్మ చెరిపేసినందుకు నీకు బాధగా ఉంది కదా" అనండి. పిల్ల లోపల తిరుగుతున్నదానికి ఒక పేరు దొరుకుతుంది. ఫొటోల్లోని ముఖాల్లో కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికీ కలవరానికీ సంబంధించిన అమిగ్డాలా చురుకు తగ్గుతుందని 2007లో ఒక స్కాన్ అధ్యయనంలో కనిపించింది. ఇంట్లో చూసినా తెలుస్తుంది, పేరు దొరికాక పిల్లలు ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తారు.

సారీ చెప్పాలనుకుంటే చెప్పనివ్వండి. తోక చెరిపినందుకు చెప్పాలి, తిరిగి రమ్మని బతిమాలడానికి కాదు. "సారీ చెప్తే తనకి బాగుంటుంది. తను వస్తుందో రాదో మాత్రం మనం చెప్పలేం" అని ముందే అనండి. లేకపోతే లల్లీ "సరే" అని వెళ్లిపోయిన రోజు దీనికి బాధ రెట్టింపవుతుంది.

సుమతి_కె

నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో ఉన్నది లల్లీ.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, చిన్నప్పటి స్నేహితురాలిని వదిలి వేరే అమ్మాయితో తిరగడం మొదలుపెట్టింది. ఆ పాత స్నేహితురాలంటే మాకు సొంత పిల్లతో సమానం. నాకు నచ్చలేదు. అయినా కోప్పడకుండా, ఇద్దరం పక్కపక్కన నడుస్తున్నప్పుడు అడిగాను. అప్పుడు అది చెప్పింది విని ఆశ్చర్యపోయాను. "నేను ఎవరితో మాట్లాడినా తను మూతి ముడుచుకుంటుందమ్మా. ఇద్దరితో ఆడాలని ఉంటుంది. కానీ ఇద్దరినీ సంతోషపెట్టడం నాకు రావట్లేదు. ఒక్కరితో ఉంటే గొడవ లేదు."

దానికి ఎవరి మీదా ద్వేషం లేదు. ఇద్దరి మధ్య చిక్కుకుని, తనకి చేతనైన దారి ఎంచుకుంది. ఆ దారి ఇంకో పిల్లని ఎంత బాధపెడుతోందో దానికి కనపడలేదు.

నేను దానికి రెండే చెప్పాను. ఎవరితో ఎక్కువ ఆడాలన్నది నీ ఇష్టం, అందులో నేను కలగజేసుకోను. కానీ మూడో మనిషి ఎదురుగా ఉన్నప్పుడు చెవిలో గుసగుసలాడటం, "ఇది మాది, నీకు చెప్పం" అనడం మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే ఆడకపోవడం వేరు, ఆడట్లేదని చూపించి ఏడిపించడం వేరు. తర్వాత ఇద్దరం కూర్చుని మాటలు ప్రాక్టీస్ చేశాం. "ఇవాళ మేమిద్దరం ఒక ఆట మొదలుపెట్టేశాం, రేపు ఇంటర్వెల్‌లో నీతో ఆడతాను" అని చెప్పడం నేర్చుకుంది. రేపు అన్నాక రేపు ఆడాలి, అది మాత్రం గట్టిగా చెప్పాను. ఆ అమ్మాయికి కూడా ఎదురుచూపుల టెన్షన్ తగ్గింది. మళ్లీ మునుపటిలా అంటుకుపోలేదు గానీ, పుట్టినరోజులకి పిలుచుకుంటారు, కనిపిస్తే నవ్వుకుంటారు.

వానచినుకు గారూ, చిన్నిని తప్పు పట్టడానికి ఇది రాయలేదు. లల్లీ మనసులో ఏముందో మీకు కనపడదు కదా, ఇలా కూడా ఉండొచ్చని చెప్పాలనిపించింది.

అమ్మమ్మ_కబుర్లు

సుమతీ, ఎంత బాగా చెప్పావమ్మా.

చినుకు తల్లీ, నాదొక్కటే మాట. బడి గేటు దగ్గర పిల్ల బయటికి రాగానే "ఇవాళ లల్లీ ఆడిందా?" అని అడుగుతున్నావా? అడుగుతుంటే మానెయ్. పిల్లలు మన మొహం చూసి మాట్లాడతారు. ఏడుపు కబురు చెప్తే అమ్మ బ్యాగు పక్కన పడేసి, ఫోన్ పక్కన పెట్టి, కళ్లలోకి చూసి వింటుంది. డ్రాయింగ్‌లో స్టార్ వచ్చిందంటే "ఊఁ, మంచిది" అంటుంది. అప్పుడు ఏ కబురు ఎక్కువ చెప్తుందో నువ్వే ఆలోచించు. రోజంతా ఎవరో నవ్వించినా అది మర్చిపోయి, లల్లీ చూసిన ఒక్క చూపు గుర్తు పెట్టుకుని వస్తుంది. నీ మనసులో ఆదుర్దా ఉంటుంది, కాదనను. దాన్ని మాతో చెప్పుకో. గేటు దగ్గర మాత్రం "ఇవాళ ఏం బొమ్మ వేశావు?" అని అడుగు. తనకై తను లల్లీ మాట ఎత్తితే అప్పుడు విను.

నిఖిల్_బి

నేను ఇంకా స్టూడెంట్‌నే, పిల్లల గురించి చెప్పే వయసు కాదు. కానీ చిన్ని వయసులో నాకూ ఇలాగే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

అమ్మమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. నన్ను నా ఫ్రెండ్ వదిలేసినప్పుడు నాకంటే మా అమ్మ ఎక్కువ బాధపడింది. అమ్మ వంటింట్లో నాన్నతో చెప్పుకుని ఏడవడం విన్నాను. ఆ తర్వాత ఇంట్లో అన్నీ బాగున్నట్టే చెప్పేవాణ్ణి. నా బాధతో పాటు అమ్మ బాధ కూడా నేనే చూసుకోవాలనిపించేది. కాబట్టి ఆంటీ, మీ కన్నీళ్లు పాప కంట పడనివ్వకండి. మీరు బాగున్నారని నమ్మకం ఉంటేనే అది మీతో చెప్పుకోగలదు.

నన్ను నిలబెట్టింది బడి బయట దొరికిన స్నేహం. వారానికి రెండు రోజులు చెస్ క్లాసుకి వెళ్లేవాణ్ణి. అక్కడ నేను 'వదిలేసిన పిల్లాడు' అని ఎవరికీ తెలియదు. గుర్రాన్ని తప్పు గడిలో పెడితే నవ్వేవాళ్లు, మంచి ఎత్తు వేస్తే మళ్లీ వేసి చూపించమనేవాళ్లు. బడిలో పరిస్థితి వెంటనే మారలేదు. కానీ బడే నా మొత్తం లోకం కాదని తెలిసింది. చిన్నికి బొమ్మలు ఇష్టం అంటున్నారు కదా, అలాంటి చోటు ఏదైనా ఉంటే చూడండి.

స్వాతి_ఆర్

మధ్యలో అడ్డం వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మాయికి పదమూడేళ్లు. దానికి ఈ గొడవంతా ఫోన్‌లో జరుగుతోంది. అందరూ ఉన్న గ్రూపులోంచి తీసేసి, ఇది లేకుండా ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. పైగా కలిసి బయటికి వెళ్లిన ఫొటోలు స్టేటస్‌లో. ఫోన్ తీసేసుకుందామంటే అదేదో శిక్షలా అవుతుందేమోనని భయం.

మనసుమాట

స్వాతి గారూ, ఫోన్ లాక్కోకండి. ఇంకోసారి ఏదైనా జరిగితే ఫోన్ పోతుందని మీకు చెప్పడం మానేస్తుంది. కొన్నాళ్లపాటు ఆ పిల్లల స్టేటస్‌లు కనిపించకుండా మ్యూట్ చేసుకోమనండి. అది తనే చేయాలి, మీరు పక్కన కూర్చోండి చాలు. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ ఇంట్లో అందరివీ హాల్లోనే ఉండాలని నియమం పెట్టండి, మీది కూడా. ఎక్కువమంది పిల్లలు కుమిలిపోయేది ఆ వేళలోనే. దీని మీద వివరంగా వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది, అక్కడ రాస్తాను.

రఘు_నాన్న

బడిగంట గారు, సుమతి గారు రాసింది చదివాక ఫోన్ చేయమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి తేల్చండి. పిల్లలన్నాక సర్దుకుంటారు అని ఎంతకాలం చూస్తూ కూర్చోవాలి? ఎక్కడి నుంచి అది ఏడిపించడం కిందికి వస్తుంది?

మనసుమాట

అవసరమైన ప్రశ్న. బడుల్లో పిల్లల మధ్య వేధింపుల మీద మొదటగా పెద్దఎత్తున పరిశోధన చేసినవారిలో నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వియస్ ఒకరు. ఆయన చెప్పిన గుర్తులు మూడు. కావాలని బాధపెట్టాలి, అది మళ్లీ మళ్లీ జరగాలి, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండాలి. బలం అంటే ఒంటి బలమే కాదు. అటు ఐదుగురు, ఇటు ఒక్కరు ఉన్నా తేడానే.

చేయి చేసుకోకుండా కూడా ఇది జరుగుతుంది. స్నేహాన్నే ఆయుధంగా వాడటం మీద నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ 1995లో రాసిన వ్యాసం చాలా పేరు పొందింది. "దానితో మాట్లాడితే నీతో మాట్లాడం" అని మిగతావాళ్లని బెదిరించడం, లేనిపోనివి ప్రచారం చేయడం, అందరూ చూస్తుండగా బెంచీ మీంచి లేపేయడం అన్నీ ఇందులోకి వస్తాయి.

చిన్ని విషయంలో సీక్రెట్ భాష నాకు నచ్చలేదు. కానీ ఇప్పటివరకు చెప్పినదాన్ని బట్టి ఇది ఇంకా ఆ గీత దాటలేదు. లల్లీ మిగతా పిల్లల్ని కూడగట్టినా, చిన్నికి పేర్లు పెట్టడం మొదలైనా, పొద్దున్నే కడుపునొప్పి తలనొప్పి అంటూ బడి ఎగ్గొడుతున్నా, ఇష్టమైన బొమ్మలు వేయడం కూడా మానేసినా, అప్పుడిక ఆగకూడదు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరు చూశారు అన్నది రాసిపెట్టుకుని స్కూల్‌కి వెళ్లి కూర్చుని మాట్లాడాలి. "నేను చచ్చిపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి వినపడినా, చిన్నపిల్ల కదా అని వదిలేయకుండా అదే రోజు పిల్లల డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవాలి.

వానచినుకు

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. నేను గేటు దగ్గర అడగడం మానేశాను అమ్మమ్మ గారూ.

టీచర్‌తో మాట్లాడాను. ఆవిడ గమనించి చెప్పింది వింటే కాస్త ప్రాణం లేచి వచ్చింది. చిన్ని వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉందట. ఎక్కువ మాట్లాడదట. ఇది బొమ్మ వేస్తుంటే వెనక నుంచి వంగి చూస్తూ ఉంటుందట. చిన్ని ఇంతవరకు ఆ అమ్మాయి పేరు కూడా నాతో చెప్పలేదు.

లల్లీకి సారీ చెప్పింది. లల్లీ "ఏ తోక?" అందట. ఆ రోజు కాసేపు ఆడారు, మర్నాడు మళ్లీ వాళ్లిద్దరే. చిన్ని ఏడ్చింది, కానీ "నేనేం చేశాను" అని మాత్రం అడగలేదు. "నాకు కోపంగా ఉంది" అంది.

ఇప్పుడు ఒక సందేహం. సెలవు రోజున లల్లీని ఇంటికి పిలవనా? ఇద్దరినీ పిలవాలా? లేక ఆ వెనక బెంచీ అమ్మాయినా?

బడిగంట

ముగ్గుర్నీ ఒకేసారి మాత్రం వద్దు. బడిలో జరిగేదే మీ హాల్లో జరుగుతుంది, మీ పాప సొంత ఇంట్లో కూడా మిగిలిపోతుంది.

నేనైతే వెనక బెంచీ అమ్మాయితో మొదలుపెడతాను. అయితే మీరు నిర్ణయించి పిలిస్తే అది మీ స్నేహమవుతుంది. "నీ బొమ్మలు చూస్తుందట కదా, తనకేం బొమ్మలు ఇష్టమో?" అని వదిలేయండి. రేపో ఎల్లుండో కనుక్కుని వస్తుంది. పిలిచినప్పుడు రోజంతా ఉంచకండి, గంటా రెండు గంటలు చాలు. ఇంకా ఆడాలని ఉండగానే ముగిస్తే మళ్లీ రావాలనిపిస్తుంది. "ఏదో ఒకటి ఆడుకోండి" అనకుండా చేతికి పని దొరికేలా చూడండి, పెద్ద అట్టముక్కా రంగులూ నేల మీద పరిస్తే చాలు. కొత్త పిల్లలకి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కష్టం, పక్కపక్కన కూర్చుని పని చేసుకుంటే మాటలు వాటంతట అవే వస్తాయి.

లల్లీని కూడా తర్వాత ఎప్పుడైనా ఒక్కదాన్నే పిలవండి, చిన్ని కోరితేనే. ఇంకోటి, పిల్లి పుస్తకం ఆ కొత్త అమ్మాయికి ఇవ్వమని మీరు అనకండి. అది వాళ్లిద్దరిది. దాన్ని ఏం చేయాలో చిన్నికి తెలుస్తుంది.

సుమతి_కె

ఆ చివరి మాట చాలా ముఖ్యం. "నాకు కోపంగా ఉంది" అనడం కూడా నాకు మంచి గుర్తుగా అనిపిస్తోంది. తనని తాను నిందించుకోవడం నుంచి అక్కడికి వచ్చింది.

వానచినుకు

అవును సుమతి గారూ. ఇంకా రాత్రిళ్లు ఒక్కోసారి లల్లీ మాట వస్తూనే ఉంది. అయినా ఇప్పుడు ఏం చేయాలో కాస్త తెలుస్తోంది. వెనక బెంచీ అమ్మాయికి గుర్రాలంటే ఇష్టమట, నిన్న కనుక్కుని వచ్చింది. నాకు గుర్రం గీయడం రాదు, నువ్వు నేర్పమ్మా అని కూర్చుంది. నాకూ రాదు, ఇద్దరం నేర్చుకుంటున్నాం.

రఘు_నాన్న

బడిగంట గారూ, ఇంతమంది రాశాక నేనూ అడిగేస్తాను. మావాడు నాలుగో తరగతి. ఆటల పీరియడ్‌లో ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి, ఒక్కొక్కరినీ ఎంచుకోమంటారట. ప్రతిసారీ చివర్లో మిగిలేది వీడే. నాతో నవ్వుతూనే చెప్పాడు, కానీ ఆటల పీరియడ్ ఉన్న రోజు షూ లేసులు కట్టుకోవడానికే పావుగంట తీసుకుంటున్నాడు. ఆటల మాస్టారితో ఏం మాట్లాడాలి? మావాడు అడగమన్నాడని తెలియకూడదు.

బడిగంట

రఘు గారూ, మాస్టారిని విడిగా కలిసి, మీ అబ్బాయి పేరు ఎత్తకుండా "పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టించి జట్లు వేస్తే వీలవుతుందా?" అని అడగండి. ఒకట్లన్నీ ఒక జట్టు, రెండులన్నీ ఇంకో జట్టు. నేను నా క్లాసులో కెప్టెన్ల ఎంపిక పూర్తిగా తీసేశాను, టైమ్ కూడా కలిసొస్తుంది. చాలామంది మాస్టార్లు వెంటనే ఒప్పుకుంటారు, ఎందుకంటే ఎవరూ అడగక పాత పద్ధతే నడుస్తూ ఉంటుంది. ఈలోపు షూ లేసుల గురించి మీరేమీ అనకండి. వాడు కట్టుకుంటున్నప్పుడు పక్కన కూర్చోండి. మాట్లాడాలనిపిస్తే వాడే మాట్లాడతాడు.